రక్తం తీయకముందే రండి

రక్తం, మూత్రం లాంటి శాంపిల్స్‌లో ప్రోటీన్లు కొలిచే ల్యాబ్ నిపుణుడొకరు ఒక వైద్య కళాశాలలో పీజీ విద్యార్థులకి, ల్యాబ్ సిబ్బందికి ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం. సభలో అడిగిన ప్రశ్నల్లో కొన్ని చివర ఉన్నాయి.

అందరికీ నమస్కారం. వెనక వరుసల దాకా వినిపిస్తోందా? సరే.

నా చేతిలో రెండు ట్యూబులున్నాయి. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు చూసి వెనక్కి అందించండి. మూత మాత్రం తీయకండి. రెండింట్లో ఉన్నదీ నా ప్లాస్మానే, అంటే రక్తంలోంచి కణాలు తీసేస్తే మిగిలే ద్రవం. ఇవాళ పొద్దున ఒకే చేతి నుంచి, పది నిమిషాల తేడాలో తీయించుకున్నాను. ఒకటి లేత పసుపుగా, ఎండుగడ్డి రంగులో ఉంది. రెండోది చూడండి, దానిమ్మ గింజలు కడిగిన నీళ్లలా ఉంది. మొదటిదాన్ని తీసిన అరగంటలోపే, గిర్రున తిప్పి కణాల్ని అడుక్కి చేర్చే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాం. రెండోదాన్ని సన్న సూదితో, సిరంజి గట్టిగా లాగి తీశాం. సూది తీయకుండానే ట్యూబులోకి చిమ్మాం. ఆపైన నాలుగు గంటలు బల్లమీద వదిలేశాం. ఎర్రకణాలు పగిలాయి, లోపల ఉన్నదంతా బయటికొచ్చింది. ఇలాంటి శాంపిల్ మీ ల్యాబ్‌లో ఎవరైనా తెస్తే 'హిమోలైజ్ అయింది, మళ్లీ తీయించండి' అని వెనక్కి పంపుతారు.

ఈ రెండు ట్యూబులూ రెండు వేర్వేరు నంబర్లతో మా దగ్గరికి వచ్చాయనుకోండి. ఇవి ఇద్దరు మనుషులవని మా యంత్రం చెబుతుంది. ఒకరు కులాసాగా ఉన్నారని, రెండోవాళ్ల ఒంట్లో ఏదో జరుగుతోందని చెబుతుంది. యంత్రాన్ని తప్పుపట్టడానికి లేదు, ట్యూబులో ఏముంటే అదే కొలిచింది. ఆ ట్యూబుకి ముందు ఏం జరిగిందో దానికి తెలియదు. తెలిసినవాళ్లు మీరే. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఈ రెండు ట్యూబుల చుట్టూనే తిరుగుతుంది.

మేం చేసే పనికి ప్రోటీన్ ప్రొఫైలింగ్ అని పేరు. పరిశోధకులు ఎనభయ్యో, వందో, కొన్నిసార్లు వెయ్యో శాంపిల్స్ పంపుతారు. రక్తం, మూత్రం, వెన్నునీరు, కణితి ముక్క, ఏదైనా కావచ్చు. ఒక్కో శాంపిల్‌లో వందల ప్రోటీన్లు, ఇప్పుడైతే వేల ప్రోటీన్లు ఎంతెంత ఉన్నాయో కొలిచి మేం లెక్క పంపుతాం. జబ్బు ఉన్నవాళ్లలో ఏది పెరిగింది, ఏది తగ్గింది, మందు వేసిన వారానికి ఏది మారింది, ఇవన్నీ ఆ లెక్కలోంచి తీయాలి.

జన్యువులు చదివేశాం కదా, మళ్లీ ప్రోటీన్లెందుకని చాలామంది అడుగుతారు. మన పెద్దవాళ్లకి అలవాటైన మాటల్లో చెబుతాను. జన్యువు జాతకం లాంటిది, పుట్టినప్పుడు రాసింది రాసినట్టే ఉంటుంది. ప్రోటీన్ నాడి లాంటిది, పట్టుకున్న ఆ క్షణంలో ఒంట్లో ఏం జరుగుతోందో చెబుతుంది. ఒక మనిషికి రాత్రి పదకొండింటికి గుండెపోటు వచ్చిందనుకోండి. పది గంటలకి తీసిన డీఎన్‌ఏకీ, తెల్లవారుజామున తీసిన డీఎన్‌ఏకీ తేడా ఉండదు. ట్రోపోనిన్ మాత్రం కొన్ని గంటల్లోనే పెరిగి కనిపిస్తుంది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి కారే ప్రోటీన్ అది. క్యాజువాలిటీలో డ్యూటీ చేసిన ప్రతివాళ్లకీ తెలిసిన సంగతే. మనిషిలో ప్రోటీన్ తయారుచేసే జన్యువులు దాదాపు 20,000. ఒకే జన్యువు నుంచి కొద్ది కొద్ది తేడాలతో చాలా రూపాలొస్తాయి. వాటికి ఫాస్ఫేట్లు, చక్కెరలు అతుక్కుంటాయి. ఇవన్నీ కలిపి 'ప్రోటియోమ్' అని మార్క్ విల్కిన్స్ 1994లో పేరు పెట్టారు. ఆ పేరుకి ముప్పై ఏళ్లు దాటాయి, అది సూచించే పని ఇంకా సగం దారిలోనే ఉంది.

ఎందుకంత ఆలస్యమైందో చెబుతాను. రక్తంలో ఆల్బుమిన్ ఒక మిల్లీలీటర్‌కి సుమారు 40 మిల్లీగ్రాములు. మంట, ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు పెరిగే ఇంటర్‌ల్యూకిన్-6 ఆరోగ్యంగా ఉన్న మనిషిలో మిల్లీలీటర్‌కి కొద్ది పికోగ్రాములే. లెక్క కట్టండి. రెండింటికీ మధ్య తేడా వెయ్యి కోట్ల రెట్లు! వెయ్యి కోట్ల రూపాయలు గుట్ట పోసిన గోదాములో ఒక్క రూపాయి బిళ్ల వెతికి, నిన్నటికంటే ఇవాళ అది రెండు రూపాయలైందో లేదో చెప్పాలి. ప్లాస్మాలోని ప్రోటీన్ బరువులో దాదాపు 99 శాతం ఓ ఇరవై రెండు ప్రోటీన్లదే. మనకి కావలసిన సమాచారం చాలావరకు మిగిలిన ఆ ఒక్క శాతంలో ఉంది.

కొలిచే పద్ధతి దొరికితే తప్ప కొత్త సంగతి దొరకదు. ఈ మాట చెప్పేటప్పుడు మన భీమవరం మనిషిని తలచుకోకుండా ఉండలేను. యల్లాప్రగడ సుబ్బారావు గారనగానే అందరికీ ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్లు గుర్తొస్తాయి. వాటన్నిటికంటే ముందు, 1925లో, హార్వర్డ్‌లో ఫిస్కే గారితో కలిసి ఆయన ఒక కొలత పద్ధతి కనిపెట్టారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు చూసి తేల్చే పద్ధతి. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో దశాబ్దాలపాటు ప్రపంచమంతా ల్యాబుల్లో నడిచింది. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో మీలో కొందరు చేసే ఉంటారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. కొలత ముందు వచ్చింది, కండరం శక్తిని ఎలా దాచుకుంటుందన్న సంగతి దాని వెంట వచ్చింది. కొలతలు చేసిపెట్టేవాళ్లని కేవలం సేవలందించేవాళ్లుగా చూసే అలవాటు మన దగ్గర ఉంది. అది నాకు బాధ కలిగిస్తుంది. సుబ్బారావు గారి జీవితం చదివితే ఆ చూపు మారుతుంది.

ఇప్పుడు మా దగ్గరున్న పద్ధతులు. పాత పద్ధతిలో ఒక్కసారికి ఒక్క ప్రోటీనే. రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ ఇన్సులిన్‌ని రేడియో ధార్మికతతో కొలిచారు. ఆ పనికి 1977లో యాలో గారికి నోబెల్ వచ్చింది. 1971లో వచ్చిన ఎలైజా, యాంటీబాడీతో ఒక ప్రోటీన్‌ని పట్టి కొలిచే పరీక్ష, మీకు రోజూ చేతిలో ఉండేదే. దీని గురించి ఎక్కువ చెప్పను.

మాస్ స్పెక్ట్రోమెట్రీ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఈ యంత్రం అణువుని గాలిలో ఎగిరేలా చేసి, దాని బరువు తూస్తుంది. చిన్న అణువులతో ఇబ్బంది లేదు. ప్రోటీన్ లాంటి పెద్ద అణువుని ఎగిరేలా చేయబోతే అది ముక్కలైపోయేది. దీనికి దారి చూపినవాళ్లలో జాన్ ఫెన్ ఒకరు. తన నోబెల్ ప్రసంగానికి 'అణు ఏనుగులకు రెక్కలు' అన్న అర్థం వచ్చేలా పేరు పెట్టారు. రెండో ఆయన కొయిచి తనాకా. జపాన్‌లోని క్యోటోలో షిమాడ్జు కంపెనీలో ఇంజినీరు. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో డిగ్రీ మాత్రమే, పీహెచ్‌డీ లేదు. 1985లో ఒకరోజు కోబాల్ట్ పొడిలో మామూలుగా వాడే ద్రవానికి బదులు పొరపాటున గ్లిసరిన్ పోశారు. ఆ పొడి ఖరీదైనది. పారేయడానికి మనసు రాక, అలాగే లేజర్ కింద పెట్టి చూశారు. అంతవరకు చెక్కుచెదరకుండా ఎగరని అణువు ఆరోజు ఎగిరింది. 2002లో ఫెన్, తనాకా ఇద్దరికీ కెమిస్ట్రీ నోబెల్లో వాటా వచ్చింది. తనాకా కథ చెబితే విద్యార్థులు అదృష్టం అంటారు. నేను ఒప్పుకోను. పొరపాటు జరిగిందని ఆయన గుర్తుపట్టారు, ఏ గిన్నెలో ఏం పోశారో ఆయనకి తెలుసు. తెలుసు కాబట్టే మర్నాడు మళ్లీ చేయగలిగారు.

మా ల్యాబ్‌లో ప్రోటీన్‌ని నేరుగా యంత్రంలో వేయం. ముందు ట్రిప్సిన్ అనే ఎంజైము కలుపుతాం. ప్రోటీన్ గొలుసులో లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కడుంటే అక్కడ, చెరకుగడని కణుపుల దగ్గర నరికినట్టు, అది ప్రోటీన్‌ని కోస్తుంది. ఆ ముక్కల బరువులు తూచి, ఫలానా ముక్క ఫలానా ప్రోటీన్‌దని కంప్యూటర్ పోల్చి చెబుతుంది. ఏ ప్రోటీన్ కోసం వెతకాలో ముందే తెలియకపోయినా ఫర్వాలేదు, అదే దీని బలం. వెయ్యి కోట్ల గోదాములో రూపాయి బిళ్ల దొరకబుచ్చుకోవడం కష్టం, అది దీని బలహీనత. ఈ పద్ధతిలోనే 2014లో బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ కలిసి, అఖిలేశ్ పాండే నాయకత్వంలో, మనిషి ప్రోటియోమ్‌కి ఒక ముసాయిదా పటం తయారుచేసి నేచర్ పత్రికలో ప్రచురించాయి. 30 రకాల ఆరోగ్యకరమైన కణజాలాలు, కణాలు పరీక్షించారు. 17,294 జన్యువుల ప్రోటీన్లు కనిపించాయని, అది మొత్తంలో సుమారు 84 శాతమని రాశారు. అందులో కొన్నిటి మీద తర్వాత అభ్యంతరాలొచ్చాయి. ముక్కులో వాసన పట్టే ప్రోటీన్లు సంబంధం లేని కణజాలాల్లో ఎలా కనిపించాయని అడిగారు. అలా అడగడం మంచిదే. మన దేశంలో జరిగిన పని మీద ప్రపంచం అంత శ్రద్ధగా లెక్కలు తిరగేసిందంటే అది గౌరవమే.

రూపాయి బిళ్లల కోసం ఇంకో దారి ఉంది. స్వీడన్‌లోని ఉప్సలాలో పుట్టిన ఒలింక్ పద్ధతి తీసుకోండి. బ్యాంకు లాకర్ తెరవాలంటే బ్యాంకు తాళం చెవి ఒకటి, మన తాళం చెవి ఒకటి, రెండూ పడాలి కదా. ఇక్కడా అంతే. ఒక్కో ప్రోటీన్‌కి రెండు యాంటీబాడీలు, ఒక్కోదానికి చిన్న డీఎన్‌ఏ తోక. రెండూ ఒకే ప్రోటీన్ మీద కూర్చుంటేనే తోకలు దగ్గరై జతపడతాయి. ఆ జతని ఎంజైముతో పూర్తిచేసి, పెంచి, లెక్కపెడతారు. ఒకటి దారితప్పి ఇంకోచోట అతుక్కున్నా, రెండోది పక్కన లేదు కాబట్టి లెక్కలోకి రాదు. అందుకే ఒకే చుక్కలో వేల జతలు కలిపినా గందరగోళం తక్కువ. అమెరికాలోని సోమాలాజిక్ వాళ్లది ఇంకో తరహా. యాంటీబాడీల బదులు, మడతపడి ప్రోటీన్‌ని పట్టుకునే డీఎన్‌ఏ పోగులు వాడతారు. వాటిని యాప్టమర్లంటారు.

ఈ పద్ధతుల వల్ల పని ఎంత పెద్దదైందో చూడండి. 2021లో ఐస్‌లాండ్‌లో డీకోడ్ సంస్థ 35,559 మంది రక్తంలో ప్రోటీన్లని యాప్టమర్లతో కొలిచి జన్యువులతో కలిపి చూసింది. 2023లో యూకే బయోబ్యాంక్‌లో 54,219 మంది ప్లాస్మాలో 2,923 ప్రోటీన్లు ఒలింక్‌తో కొలిచి ఫలితాలు ప్రచురించారు. పదమూడు మందుల కంపెనీలు కలిసి ఖర్చు పెట్టుకున్నాయి. వాళ్లకి ఎందుకంత ఆసక్తి? ఒక ప్రోటీన్ పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లకి ఒక జబ్బు తక్కువగా వస్తుంటే, ఆ ప్రోటీన్‌ని తగ్గించే మందు పనిచేసే అవకాశం ఉంటుంది. అది పదేళ్ల ప్రయోగాలకి ముందే తెలిస్తే ఎంత డబ్బు, ఎంత కాలం మిగులుతుందో, ఎందరు రోగులు వృథా ప్రయోగాలు తప్పించుకుంటారో ఆలోచించండి.

ఇంత శక్తి చేతిలో ఉన్నప్పుడు తప్పు కూడా అంత పెద్దదే అవుతుంది. రెండు కథలు చెబుతాను.

2002 ఫిబ్రవరిలో లాన్సెట్‌లో ఒక పేపర్ వచ్చింది. రాసినవాళ్లు పెట్రికాయిన్, లియోటా, వాళ్ల సహచరులు. ఒక చుక్క సీరంతో అండాశయ క్యాన్సర్ పట్టుకోవచ్చన్నారు. పేర్లు దాచిన శాంపిల్స్‌లో 50 మంది క్యాన్సర్ రోగులుంటే 50 మందినీ గుర్తుపట్టింది. క్యాన్సర్ లేని 66 మందిలో 63 మందిని సరిగ్గా వేరుచేసింది. ఎంత ఆశ కలిగించిందో నాకు గుర్తుంది. ఆ క్యాన్సర్ బయటపడేసరికే ఆలస్యమైపోతుంది, మీ వార్డుల్లో రోజూ చూస్తున్నారు. ఆ పద్ధతిని పరీక్షగా మార్కెట్లోకి తెచ్చే సన్నాహాలు కూడా మొదలయ్యాయి.

టెక్సస్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో కీత్ బాగర్లీ అనే గణాంకవేత్త, ఆయన సహచరులు ఆ సమాచారం తీసుకుని మళ్లీ లెక్కలు కట్టారు. యంత్రం గోల (నాయిస్) తప్ప ప్రోటీన్ సంకేతం ఉండే అవకాశమే లేని చోట్ల కూడా క్యాన్సర్ గుంపుకీ మిగతా గుంపుకీ తేడా కనిపిస్తోంది. అంటే తేడా రోగుల్లో ఉందో, శాంపిల్స్ నడిపిన తీరులో ఉందో చెప్పలేని పరిస్థితి. రెండు గుంపుల్నీ కలగలిపి నడపకపోతే, యంత్రం సోమవారానికీ బుధవారానికీ మారిన తేడానే క్యాన్సర్‌లా కనిపిస్తుంది. 2004లో అమెరికాలో మందుల్నీ పరీక్షల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ, తన పరిశీలన పూర్తికాకుండా ఆ పరీక్ష అమ్మకూడదంది.

ఇంకో లెక్క కూడా చూడండి. పరీక్ష నిజంగానే అంత బాగా పనిచేసిందనుకుందాం, ఆరోగ్యవంతుల్లో నూటికి తొంభై అయిదుగురిని సరిగ్గా వదిలేసింది. ముట్లుడిగిన ఆడవాళ్లలో అండాశయ క్యాన్సర్ ఏ సమయంలో చూసినా సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుంది. 2,500 మందికి పరీక్ష చేస్తే ఆ ఒక్కరూ దొరుకుతారు, వాళ్లతోపాటు ఏ క్యాన్సరూ లేని దాదాపు 125 మందికి 'మీకుంది' అని చెబుతాం. వాళ్లు నిద్రలేని రాత్రులు గడుపుతారు, కొందరు ఆపరేషన్ బల్ల దాకా వెళతారు. పేపర్లో 95 శాతం అని చదివినప్పుడు ఆ 125 మంది కళ్ల ముందు కనిపించాలి.

రెండో కథ టొరంటోది. డయమాండిస్ గారి బృందం పాంక్రియాస్ క్యాన్సర్‌కి కొత్త గుర్తు దొరికిందనుకుంది. సీయూజడ్‌డీ1 అనే ప్రోటీన్. మార్కెట్లో కొన్న ఎలైజా కిట్‌తో వేల మంది రోగుల శాంపిల్స్ కొలిచారు. ఫలితాలు బాగున్నాయి. తీరా తరచి చూస్తే ఆ కిట్‌లోని యాంటీబాడీ పట్టుకుంటున్నది సీయూజడ్‌డీ1ని కాదు, అండాశయ క్యాన్సర్ గుర్తుగా మనందరికీ ఎప్పటినుంచో తెలిసిన సీఏ-125ని. రెండేళ్ల కాలం, అయిదు లక్షల డాలర్లు పోయాయి. ఆ సంగతి దాచకుండా వాళ్లే ప్రచురించారు. ఆ నిజాయతీకి నేను చేతులెత్తి దండం పెడతాను. డబ్బా మీద రాసిన పేరు నమ్మకుండా, యాంటీబాడీ దేన్ని పట్టుకుంటోందో మాస్ స్పెక్ట్రోమెట్రీతో ఒకసారి సరిచూసుకునే అలవాటు మాకు ఇలాంటి అనుభవాల నుంచే వచ్చింది.

ఇవి దూరదేశాల కథలు. దగ్గరిది ఒకటి చెప్పాలి. ఏ ఊరో, ఏ ఆస్పత్రో చెప్పను. ఒకమ్మాయి, పీహెచ్‌డీ చివరి ఏడాది, ఊపిరితిత్తుల జబ్బు మీద పరిశోధన. అట్టపెట్టెలో డ్రై ఐస్ మధ్య 88 ట్యూబులు పంపింది. ముత్యాల్లాంటి అక్షరాలతో నంబర్లు. కొలిచాం. రోగులకీ ఆరోగ్యవంతులకీ మధ్య నలభైకి పైగా ప్రోటీన్లలో తేడా వచ్చింది. ఆ అమ్మాయి ఫోన్లో ఆనందం పట్టలేకపోయింది. నేను ఆ జాబితా పైనుంచి కింది దాకా చదివాను. కార్బోనిక్ ఎన్‌హైడ్రేస్ 1 ఉంది, అది ఎర్రకణంలోది. ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4 ఉంది, పేరులోనే ఉంది ఎక్కడిదో. సీడీ40 లైగాండ్, అదీ ప్లేట్‌లెట్లదే. ఇంటర్‌ల్యూకిన్-8, రక్తం ఆలస్యంగా తిప్పితే పెరిగేది. విచిత్రమేమిటంటే ఇవన్నీ ఎక్కువగా ఉన్నది ఆరోగ్యవంతుల్లో!

'ఆరోగ్యవంతుల రక్తం ఎక్కడ తీశారమ్మా?' అని అడిగాను. రోగులది ఓపీలో పొద్దున తీసి అప్పటికప్పుడు తిప్పారు. ఆరోగ్యవంతులది ఒక రక్తదాన శిబిరంలో సాయంత్రం తీశారు. ఐస్ డబ్బాలో పెట్టి తెచ్చి, మర్నాడు పొద్దున తిప్పారు. మేం కొలిచింది జబ్బుకీ ఆరోగ్యానికీ మధ్య తేడా అనుకున్నాం. కొలిచింది పొద్దుటికీ రాత్రికీ మధ్య తేడా. ఫోన్లో చాలాసేపు మాటలేదు. ఆ తర్వాత, 'సార్, ఆ శిబిరం మళ్లీ జరగదు' అంది. ఆ గొంతు నేను మర్చిపోలేదు. ఆ అమ్మాయి తప్పు ఇందులో ఏమీ లేదు. ఎవరూ ముందు చెప్పలేదు. మేమూ చెప్పలేదు, ఎందుకంటే మా దగ్గరికి ఆమె వచ్చింది రక్తం తీశాక. ఆ రోజు నుంచి మా ఫారంలో మొదటి ప్రశ్న మార్చాం. ఇదివరకు 'ఎన్ని శాంపిల్స్?' అని ఉండేది. ఇప్పుడు 'రక్తం తీయడం మొదలైందా?' అని ఉంటుంది. లేదని రాసినవాళ్లని చూస్తే మాకు పండగ.

ముందే వస్తే మాట్లాడుకునేవి ఇవి. ప్లాస్మాకి వాడే ఊదా మూత ట్యూబా, సీరానికి వాడే ఎర్ర మూత ట్యూబా? ఏదైనా సరే, అందరికీ ఒకటే. సీరం అంటే రక్తం గడ్డకట్టాక మిగిలేది, గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమలో ఉన్నది వదిలేస్తాయి. సగంమందికి సీరం, సగంమందికి ప్లాస్మా తీస్తే ఇక పోల్చడానికి లేదు. తీసిన టైమ్, తిప్పిన టైమ్, ఫ్రీజర్లో పెట్టిన టైమ్ మూడూ రాయాలి. సుమారుగా రాయకండి, గడియారం చూసి రాయండి. తిప్పాక ఒకే పెద్ద ట్యూబులో పెట్టకుండా చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టాలి. కావలసినప్పుడు ఒక్కటే కరిగించుకోవచ్చు. కరిగించి మళ్లీ గడ్డకట్టించిన ప్రతిసారీ కొన్ని ప్రోటీన్లు దెబ్బతింటాయి. మా ప్లేటులో 96 గుంటలుంటాయి, వాటిలో కొన్ని మా నాణ్యత పరీక్షలకి పోతాయి. మిగతా వాటిలో రోగుల్నీ ఆరోగ్యవంతుల్నీ చీటీలు తీసినట్టు కలగలిపి వేస్తాం. ఎవరు ఎవరో మా టెక్నీషియన్‌కి తెలియదు. ప్రతి ప్లేటులో ఒకే రకం శాంపిల్ కూడా వేస్తాం, నిన్నటి ప్లేటుకీ ఇవాళ్టి ప్లేటుకీ యంత్రం కొలత ఎంత పక్కకి జరిగిందో అది చెబుతుంది.

అన్నిటికంటే ముందు, మీ ప్రశ్న ఏమిటి? అది ఒక్క వాక్యంలో రాసుకుని రండి. 'అన్ని ప్రోటీన్లూ చూద్దాం సార్, ఏదో ఒకటి దొరుకుతుంది' అని వస్తారు. దొరుకుతుంది, అదే భయం. మూడు వేల ప్రోటీన్లు కొలిస్తే, అసలు ఏ తేడా లేకపోయినా, వందకి అయిదు చొప్పున నూట యాభై దాకా కేవలం యాదృచ్ఛికంగా తేడా ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే లెక్క దిద్దుకునే పద్ధతులున్నాయి. ఆ తర్వాత వేరే ఊరి రోగుల్లో, వేరే ల్యాబులో మళ్లీ చూడాలి. అలా వడగట్టాక చివరికి మిగిలేది ఒకటో రెండో. 2025 మేలో అమెరికాలో అల్జీమర్స్ నిర్ధారణకి తోడ్పడే మొదటి రక్తపరీక్షకి అనుమతి వచ్చింది. అందులో కొలిచేవి రెండే రెండు ప్రోటీన్లు, పీటౌ-217, బీటా అమిలాయిడ్ 1-42. వాటి నిష్పత్తి చూస్తారు. ఆ రెండింటి వెనక ఎందరి పని, ఎన్ని వేల ట్యూబులు ఉన్నాయో ఊహించుకోండి.

ఇక మన ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతాలు. జీడితోటలు, కొబ్బరితోటలు. షుగర్ లేదు, బీపీ చరిత్ర లేదు, అయినా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ప్రోటీన్ కొలతలు ఎక్కడైనా అక్కరకి రావాలంటే అక్కడ రావాలని నా కోరిక. అక్కడ కూడా ముందే ఆలోచించాలి. ఈ జబ్బులో దెబ్బ ప్రధానంగా కిడ్నీ నాళికలకి తగులుతుంది. మూత్రంలో ఆల్బుమిన్ పెద్దగా పోదు. కాబట్టి మూత్రంలో పట్టీ ముంచి చూసే మామూలు పరీక్ష మొదట్లో ఏమీ చూపించకపోవచ్చు. నాళికల దెబ్బ చెప్పే చిన్న ప్రోటీన్లు చూడాలి. అందరికీ గుర్తొచ్చేది బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్. కానీ ఎండలో పొద్దంతా తోటలో పనిచేసి, నీళ్లు సరిగ్గా తాగని మనిషి మూత్రం చిక్కగా, ఆమ్లంగా ఉంటుంది. ఆమ్ల మూత్రంలో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ మూత్రాశయంలో ఉండగానే విరిగిపోతుంది! ట్యూబులోకి వచ్చేసరికి లేదు. లేదు కాబట్టి కిడ్నీ బాగుందని రాస్తాం. ఎవరికి ఎక్కువ ముప్పు ఉందో వాళ్లకే పరీక్ష నార్మల్ అంటుంది. ఆల్ఫా-1 మైక్రోగ్లోబ్యులిన్ అయితే ఆమ్లానికి నిలుస్తుంది. మూత్రం చిక్కదనం మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి క్రియాటినిన్‌తో సరిచూసుకోవాలి. ఎన్నింటికి తీశారు, అంతకుముందు పనిలో ఉన్నారా, ఇంట్లో ఉన్నారా, అది కూడా రాసుకోవాలి. కోట్ల ఖరీదైన యంత్రానికి ఈ సంగతులు తెలియవు. ఆ తోటకి వెళ్లి, ఆ మనిషితో రెండు మాటలు మాట్లాడి శాంపిల్ తీసుకున్న ఆరోగ్య కార్యకర్తకి తెలుస్తాయి.

ఇక మీ ప్రశ్నలు.

జనరల్ మెడిసిన్ పీజీ ఒకరు: సార్, మా డిపార్ట్‌మెంట్ ఫ్రీజర్లో పాత సీరం శాంపిల్స్ చాలా ఉన్నాయి. వాటిని వాడుకోవచ్చా?

ఆ ఫ్రీజర్ మైనస్ 20దా, మైనస్ 80దా? మైనస్ 20 అంటున్నారు కదా. ఎన్నిసార్లు కరెంటు పోయిందో రికార్డు ఉందా? లేదు. అయితే కొత్త గుర్తులు కనిపెట్టడానికి వాటిని వాడకండి. గట్టిగా ఉండే ప్రోటీన్ ఏదైనా ఒకటి, అదీ అందరివీ ఒకే కాలంలో తీసినవైతే, చూడొచ్చు. పారేయమని మాత్రం అనను. ఎవరో నమ్మి ఇచ్చిన రక్తం అది. ఏ శాంపిల్ ఎప్పటిదో ఒక పుస్తకంలోకి ఎక్కించండి, ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి సమ్మతి దేనికి తీసుకున్నారో కూడా చూడండి.

ఎంఎస్సీ విద్యార్థిని: రోగి వాడే మందులు కూడా కొలతని మారుస్తాయా సార్?

మారుస్తాయమ్మా. జుట్టు రాలకుండా చాలామంది బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటారు. చాలా పరీక్షల్లో యాంటీబాడీని బయోటిన్-స్ట్రెప్టావిడిన్ జతతోనే పట్టి ఉంచుతారు. ఒంట్లో బయోటిన్ ఎక్కువైతే ఆ జత చెడుతుంది. ట్రోపోనిన్ ఉన్నా తక్కువ చూపించవచ్చని ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. కాబట్టి మందులేం వాడుతున్నారని అడిగినప్పుడు, జుట్టుకీ గోళ్లకీ వేసుకునేవి కూడా విడిగా అడగండి. వాళ్లు వాటిని మందులనుకోరు.

ల్యాబ్ టెక్నీషియన్ ఒకరు: సార్, మేం రోజుకి రెండొందల మందికి రక్తం తీస్తాం. ఊదా మూత ట్యూబులో గడ్డకట్టనివ్వని మందు రక్తంలో బాగా కలవాలంటే, దాన్ని ఎన్నిసార్లు తలకిందులుగా తిప్పాలంటారు?

ఈ సభలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే. ఒకసారి ఇలా పైకి రండమ్మా. ఇదిగో ఒక ట్యూబు, ఇందులో నీళ్లున్నాయి. మేం ఎనిమిది నుంచి పదిసార్లు అంటాం. ఊపకూడదు, ఊపితే నురగ వస్తుంది, కణాలు పగులుతాయి. మణికట్టు ఇలా మెల్లగా తిప్పితే లోపలి బుడగ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లాలి. అది వెళ్లాకే మళ్లీ వెనక్కి. బుడగని చూడండి. ఇప్పుడు మీరు చేయండి, అందరికీ కనిపించేలా కాస్త పైకి పట్టుకోండి. ఒకటి... రెండు... అంతే, అలాగే.